పెరంబూర్‌లో పాపకి ఎల్కేజీ: కాన్వెంటా, ట్రస్టు స్కూలా? మరి తెలుగు సంగతేంటి?

సూళ్ళూరుపేట నాన్న:

అందరికీ నమస్తే. మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. ఆరేళ్ళుగా చెన్నైలో ఉంటున్నాం, ఇల్లు పెరంబూర్‌లో, నా ఉద్యోగం అంబత్తూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో. పాపకి మార్చిలో మూడేళ్ళు నిండుతాయి, జూన్‌లో ఎల్కేజీలో చేర్చాలి. నెల రోజులుగా ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నా, పడుకోబోయే ముందయినా ఇదే మాట. ఒక కొలిక్కి రావడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మూడు స్కూళ్ళు చూశాం, పేర్లు రాయను. మొదటిది సిస్టర్స్ నడిపే కాన్వెంటు, ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు, స్టేట్ బోర్డు. రెండోది హిందూ ట్రస్టు వాళ్ళ సీబీఎస్‌ఈ స్కూలు, వ్యాన్‌లో నలభై నిమిషాలు పడుతుంది, ఫీజు కాన్వెంటుకి దాదాపు రెండింతలు. మూడోది ఈ మధ్యే తెరిచిన ప్రైవేటు స్కూలు, కింద షాపులు, పైన రెండంతస్తుల్లో క్లాసులు. ఏసీ గదులు, రోబోటిక్స్ అంటున్నారు. పిల్లలు ఆడుకోవడానికి మాత్రం మేడ మీద పచ్చ తివాచీ పరిచిన కాస్త చోటు తప్ప ఏమీ కనిపించలేదు.

మా ఆవిడ నెల్లూరులో కాన్వెంటులోనే చదువుకుంది. క్రమశిక్షణ బాగుంటుంది, ఆడపిల్లని జాగ్రత్తగా చూసుకుంటారు అని ఆవిడ పట్టు. మా అమ్మకి అది బొత్తిగా ఇష్టం లేదు. పొద్దున లేస్తే సిలువ గుర్తు వేసుకుంటుంది, బొట్టు తీసేయమంటారు, రేపు మన పండగలేంటో కూడా తెలియకుండా పోతుంది అంటుంది. అమ్మ మాట తీసిపారేయలేను, మేమిద్దరం పనికి పోతే పాపని పెంచుతున్నది ఆవిడే కదా.

ఇంకో బాధ కూడా ఉంది, అసలు అదే ఎక్కువేమో. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇప్పటికీ బస్సు నంబరు చూసే ఎక్కుతాను. పాప ఏ స్కూల్లో చేరినా తమిళం, ఇంగ్లీషు, సీబీఎస్‌ఈ అయితే పైన హిందీ కూడా. తెలుగు ఎక్కడా లేదు. మా అక్క కూతురు ఇక్కడే ఏడో తరగతి చదువుతోంది, మొన్న మా ఇంటికొచ్చి మా నాన్న ఫోటో కింద రాసి ఉన్న పేరు చదవలేక, ఏం రాశారు మామా అని అడిగింది. సొంత తాత పేరు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

పెరంబూర్ అక్క:

తమ్ముడూ, మా పెద్దది ఇక్కడే ఒక కాన్వెంటులో తొమ్మిది చదువుతోంది, చిన్నది నాలుగు. మంచీ చెడూ రెండూ చెప్తాను.

మీ అమ్మగారి భయం ఉత్తదేం కాదు. మా పెద్దది రెండో తరగతిలో ఉండగా ఒకరోజు నేనే స్కూలు దాకా తీసుకెళ్ళాను. గేటు ఇంకో పది అడుగులుందనగా ఆగిపోయి, నుదుటి మీది స్టిక్కరు తీసి, పెన్సిల్ బాక్సు మూత లోపలివైపు అంటించుకుంది. ఏంటమ్మా అంటే, మిస్ తిడుతుంది, సాయంత్రం మళ్ళీ పెట్టుకుంటాలే అంది. మూత తెరిచి చూస్తే అక్కడ వరసగా నాలుగు స్టిక్కర్లున్నాయి. మర్చిపోయిన రోజులవి. నాకు కాళ్ళు ఆడలేదు. బొట్టు పోయిందని కాదు, ఏడేళ్ళ పిల్ల మా ఎవరికీ చెప్పకుండా తనకు తానే సర్దుకుపోయిందే, అది తట్టుకోలేకపోయాను.

ఆ రోజే హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌ని కలిశాను. పూలు, గాజులు, పట్టీలు వద్దని రూలు ఉంది, చిన్న బొట్టుకి అలాంటి రూలు ఏదీ లేదు, ఎవరన్నారో కనుక్కుంటాను అన్నారు. మర్నాటి నుంచి మళ్ళీ ఆ మాట రాలేదు. అంటే రూలు ఒకటి, క్లాసులో ఒక టీచరు సొంతంగా పెట్టుకున్న పద్ధతి ఇంకొకటి. ఇది కాన్వెంటుల్లోనే కాదు, ఏ స్కూల్లోనైనా జరుగుతుంది. అందుకే అడ్మిషన్ రోజే నోరు తెరిచి అడగండి.

ప్రేయర్ సంగతికొస్తే, పొద్దున అసెంబ్లీలో ఏసు ప్రార్థన ఉంటుంది, అందరూ నిలబడతారు. బైబిల్ క్లాసు మాత్రం క్యాథలిక్ పిల్లలకే, అదే పీరియడ్‌లో మిగతా వాళ్ళకి నీతి పాఠాలు చెప్తారు. మా పిల్లలు ఇంట్లో వినాయక చవితికి పత్రి కోసుకొస్తారు, డిసెంబర్‌లో స్కూల్లో క్రిస్మస్ పాటలు పాడతారు. రెండూ నడుస్తున్నాయి.

ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. మా ఆయనకి ఆపరేషన్ అయిన ఏడాది రెండు టర్ముల ఫీజు కట్టలేకపోయాం. అదే సిస్టర్ నన్ను కూర్చోబెట్టి, వీలైనప్పుడు కట్టు, పిల్ల ముందు మాత్రం ఈ విషయం మాట్లాడొద్దు అన్నారు. పిల్లని ఒక్కసారి కూడా నిలబెట్టి ఫీజు అడగలేదు. మా మరిది పిల్లలు చదివే ప్రైవేటు స్కూల్లో ఫీజు కట్టని పిల్లల పేర్లు క్లాసులో చదువుతారట.

వ్యాన్ అన్న:

నేను పదకొండేళ్ళుగా ఈ ఏరియాలో స్కూలు వ్యాన్ నడుపుతున్నా. మాది నాయుడుపేట. మతం, బోర్డు, ఇవన్నీ నాకు తెలియవు సార్, వ్యాన్ గురించి చెప్తా.

స్కూలు నుంచి మీ ఇంటికి నలభై నిమిషాలు అన్నారంటే అది సరాసరి వెళ్తే పట్టే టైము. మేం సరాసరి వెళ్ళం, సందుసందుకీ ఆగి పిల్లల్ని ఎక్కించుకుంటాం. ముందు ఎక్కే పిల్ల గంటా పది నిమిషాలు కూర్చుంటుంది. ఎనిమిదిన్నరకి స్కూలంటే ఏడుంబావుకి మీ పాప వీధి చివర నిలబడి ఉండాలి, అంటే ఆరింటికి లేపాలి. ఎల్కేజీ పిల్లలు పొద్దున ఏడుస్తూ ఎక్కుతారు, మధ్యాహ్నం నిద్రపోతూ దిగుతారు. మెడలు ఒక పక్కకి వాలిపోయి ఉంటాయి, దింపేటప్పుడు మా ఆయమ్మ ఎత్తుకుని అమ్మల చేతుల్లో పెట్టాలి. వాంతులు చేసుకునే పిల్లలున్నారు, వ్యాన్‌లోనే పాస్ పోసుకుని సిగ్గుతో మాట్లాడకుండా కూర్చునే పిల్లలున్నారు. వానాకాలంలో రైలు పట్టాల కింద సబ్‌వేలో నీళ్ళు నిలిస్తే ఇంకో గంట అదనం, పెరంబూర్‌లో ఉంటున్నారు కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు.

2012లో తాంబరం దగ్గర స్కూలు బస్సు అడుగున ఉన్న రంధ్రంలోంచి పడి రెండో తరగతి పాప చనిపోయింది. ఆ తర్వాతే తమిళనాడులో స్కూలు బస్సులకి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చారు. పిల్లల్ని ఎక్కించి దింపడానికి మనిషి ఉండాలి, ఏటా బండి చెక్ చేయించాలి. మీరు ఏ స్కూలైనా చూడండి, బిల్డింగ్ చూసినట్టే వ్యాన్ లోపలికి కూడా ఎక్కి చూడండి. ఎవరూ చూడరు సార్. ఇన్నేళ్ళలో నా బండి ఎక్కి చూసిన తండ్రులు ఇద్దరో ముగ్గురో.

విల్లివాక్కం వాసి:

కొన్ని చట్టం మాటలు చెప్తాను, నేను స్వయంగా తిరిగి తెలుసుకున్నవి.

ఒకటి, ప్రార్థన గురించి. రాజ్యాంగం 28వ అధికరణ మూడో క్లాజు చాలా సూటిగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు గానీ, ప్రభుత్వ డబ్బు తీసుకునే స్కూలు గానీ, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లని మతబోధలో, పూజలో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. కాన్వెంటైనా, హిందూ ట్రస్టయినా, ముస్లిం ట్రస్టయినా ఇదే వర్తిస్తుంది. మీ అమ్మగారికి ఇది చెప్పండి. వద్దనే హక్కు మీకు ఉంది, కాకపోతే నోటితో చెప్తే సరిపోదు, ఒక కాగితం మీద రాసి ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి.

రెండు, మీ ఇద్దరి జీతాలు కలిపి ఎంతో తెలియదు, ఒకవేళ ఏడాదికి రెండు లక్షల లోపు అయితే విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూల్లో 25 శాతం సీట్లలో అప్లై చేయొచ్చు. ఇంటికి కిలోమీటరు లోపు స్కూళ్ళకి ముందు అవకాశం, ఎక్కువమంది ఉంటే లాటరీ తీస్తారు. జూలై 31 నాటికి మూడేళ్ళు నిండాలి, మీ పాపకి సరిపోతుంది. కానీ కాన్వెంటులో ఈ సీటు దొరకదు. నేను మా వాడికి మొదట అక్కడికే వెళ్ళాను, మాది మైనారిటీ స్కూలు, ఈ కోటా లేదు అన్నారు. అబద్ధం చెప్తున్నారనుకుని విద్యాశాఖ ఆఫీసుకి వెళ్తే నిజమే అన్నారు. 2012లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఎయిడ్ తీసుకోని మైనారిటీ స్కూళ్ళని ఆ చట్టం నుంచి తప్పించింది, 2014లో ప్రమతి కేసులో ఎయిడెడ్ మైనారిటీ స్కూళ్ళని కూడా తప్పించింది. 2025 సెప్టెంబర్‌లో ఇద్దరు జడ్జీల బెంచ్ ఆ 2014 తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి పెద్ద బెంచ్‌కి వెళ్ళాలంది. అది తేలేదాకా పాత తీర్పే నడుస్తుంది. మైనారిటీ అంటే మతం ఒక్కటే కాదు, భాష కూడా. తెలుగువాళ్ళు నడిపే స్కూలు కూడా ఇక్కడ మైనారిటీ స్కూలే.

మా వాడికి చివరికి లాటరీలో వేరే మెట్రిక్యులేషన్ స్కూల్లో సీటొచ్చింది. అదృష్టమే, అయినా యూనిఫాం, పుస్తకాలు, ఆ డే ఈ డే అని చేతి డబ్బులు బాగానే అయ్యాయి. ఒక్క దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు కూడా. మామూలుగా ఏప్రిల్, మే నెలల్లో తెరిచే అప్లికేషన్లు 2025లో కేంద్రం, రాష్ట్రం మధ్య నిధుల పేచీ వల్ల అక్టోబర్ దాకా తెరవలేదు. అప్పటికే పిల్లలంతా ఎక్కడో ఒకచోట ఫీజు కట్టి చేరిపోయారు.

మూడు, ఫీజు. తమిళనాడులో 2009 నాటి ఫీజు నియంత్రణ చట్టం ఉంది, రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన కమిటీ ఒక్కో ప్రైవేటు స్కూలుకి ఇంత అని నిర్ణయిస్తుంది. మీరు చూసిన స్కూళ్ళకి కమిటీ ఎంత పెట్టిందో, కౌంటర్‌లో ఎంత అడుగుతున్నారో పక్కపక్కన పెట్టి చూడండి. రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇక మీ మూడో స్కూలు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు మాత్రం భయంగా ఉంది. 2004 జూలై 16న కుంభకోణంలో స్కూల్లో నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు బిల్డింగ్, వంటగదికి ఆకుల కప్పు, దిగడానికి సరైన మెట్లు లేవు. కింద షాపులు, పైన క్లాసులు అన్నారు కదా, మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయి? కింద షాపుల్లో ఏం అమ్ముతున్నారు? గుర్తింపు ఉత్తర్వు, ఫైర్ సర్టిఫికెట్, బిల్డింగ్ స్థిరత్వం సర్టిఫికెట్ చూపించమని అడగండి. అడిగితే మొహం చిట్లించే చోట పిల్లని వేయొద్దు.

రెడ్ హిల్స్ అమ్మ:

నేను మీకు అవతలి వైపు నుంచి రాస్తున్నాను. మేం తెలుగు క్రైస్తవులం, మాది ఒంగోలు. మా బాబు హిందూ ట్రస్టు స్కూల్లో ఐదో తరగతి. మా ఇంటికి అదే దగ్గర, లెక్కలు బాగా చెప్తారని వేశాం. మా అత్తగారు కూడా మీ అమ్మగారిలాగే బాధపడ్డారు, పేర్లు మార్చితే అచ్చం అవే మాటలు.

పొద్దున సరస్వతి శ్లోకం చెప్తారు. మా వాడికి కంఠతా వచ్చు, ఇంట్లో కూడా పాడుతుంటాడు, నేనేం అనను. కానీ పూజలో హారతి పట్టించడం, ప్రసాదం తప్పనిసరిగా తినమనడం మాకు ఇబ్బంది. రెండో తరగతిలో ఉత్తరం రాసి ఇచ్చాం. ప్రిన్సిపల్ గారు సరేనన్నారు, పూజ రోజు మా వాడిని లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఒక్కడినే, అదీ గంటసేపు. వాడు సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మా నేనేం తప్పు చేశాను అని అడిగాడు. హక్కు దొరికింది గానీ పిల్లాడికి అది శిక్షలాగా తోచింది. విల్లివాక్కం అన్న చెప్పిన ఉత్తరం ఇవ్వండి, తప్పులేదు, కానీ ఆ గంట పిల్ల ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది, ఏం చేస్తుంది అని కూడా అడగండి. తర్వాత ఏడాది వచ్చిన క్లాస్ టీచరు చాలా మంచావిడ. ప్రసాదం పంచే పనిలో కాకుండా కుర్చీలు సర్దే పనిలో వాడిని వేసింది, స్నేహితుల మధ్యే ఉన్నాడు, సంతోషంగా ఇంటికొచ్చాడు.

స్కూలు మంచిదా కాదా అని కాకుండా తక్కువమంది ఉన్న పిల్లల్ని అక్కడ ఎలా చూస్తారో చూడండి. మీరు కాన్వెంటులో వేస్తే అక్కడ చదివే ఒక హిందూ అమ్మాయి తల్లిని కలవండి. ట్రస్టు స్కూలైతే మాలాంటి వాళ్ళనో, ముస్లిం తల్లినో కలవండి.

సూళ్ళూరుపేట నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. వ్యాన్ అన్నా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, ఆవిడ పాప వైపు చూసి ఇంకేం మాట్లాడలేదు. ట్రస్టు స్కూలు మా లెక్కలోంచి దాదాపు పోయినట్టే. మూడో స్కూలుకి నిన్న వెళ్ళాను, మెట్లు ఒక్కవైపే. కింద ఒక షాపులో గ్యాస్ స్టవ్‌లు రిపేర్ చేస్తున్నారు. సర్టిఫికెట్లు అడిగితే, మేనేజర్ లేరు సార్, తర్వాత రండి అన్నారు. ఇక వెళ్ళను.

అక్కా, మీ పెద్దమ్మాయి పెన్సిల్ బాక్సు సంగతి అమ్మకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. చెప్తే కాన్వెంటు అస్సలు వద్దంటుంది. చెప్పకపోతే దాచినట్టుంటుంది.

తెలుగు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెన్నైలో తెలుగు స్కూళ్ళు ఉన్నాయని విన్నాను, అక్కడ వేస్తే ఎలా ఉంటుంది?

తెలుగు మాస్టారు:

నాయనా, ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను, నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఈ ఊళ్ళో ఒక తెలుగు మైనారిటీ స్కూల్లో ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు చెప్పి రిటైర్ అయ్యాను.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఈ ఊరు మనకీ రాజధానే. ఇక్కడ తెలుగువాళ్ళు పెట్టిన బడులు చాలా ఉన్నాయి. లోధ్ర మందుతో పేరు తెచ్చుకున్న వైద్యుడు కె.ఎన్.కేసరి గారు పెట్టిన స్కూలు ఉంది, జార్జిటౌన్‌లో కన్యకాపరమేశ్వరి దేవస్థానం వాళ్ళ స్కూలు ఉంది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ ఉంది. ఇవన్నీ గుడులకంటే తక్కువేం కాదు. నేను చేరిన కొత్తలో మా స్కూల్లో తెలుగు మీడియం సెక్షన్‌లో కూర్చోవడానికి బెంచీలు చాలేవి కాదు. నేను దిగేనాటికి ఆ సెక్షన్‌లో తొమ్మిది మంది. తల్లిదండ్రులకి ఇంగ్లీషు మీడియం కావాలి, వాళ్ళని తప్పు పట్టను, నా పిల్లలు కూడా ఇంగ్లీషు మీడియంలోనే చదివారు. ఆ మాట చెప్పకుండా నీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు.

చట్టం సంగతి. 2006లో తమిళనాడులో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. అంతకుముందు మన పిల్లలు మొదటి భాషగా తెలుగు తీసుకుని పది పాసయ్యేవారు. ఈ చట్టంతో 2006-07లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ఏడాదికో తరగతి పైకి జరుపుతూ, 2015-16కి పదో తరగతి దాకా అందరికీ తమిళం తప్పనిసరి అయింది. పార్ట్ 1 తమిళం, పార్ట్ 2 ఇంగ్లీషు, పార్ట్ 3 లెక్కలు, సైన్సు, సోషల్. మాతృభాష కావాలంటే పార్ట్ 4లో, అదీ ఇష్టమైతే. సీబీఎస్‌ఈ స్కూళ్ళకి కూడా 2015-16 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టారు, కాబట్టి బోర్డు మారిస్తే తమిళం తప్పుతుందని ఎవరైనా అంటే నమ్మకు. భాషా మైనారిటీ స్కూళ్ళు కోర్టులకి వెళ్ళి పదో తరగతి పరీక్షకి మినహాయింపులు తెచ్చుకున్నాయి, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ ఏడాది పిల్లలకి ఇచ్చింది. కానీ ప్రతి ఏడూ కోర్టు వైపు చూస్తూ పిల్ల చదువు నడపలేం.

నా మాట విను, తమిళం చూసి భయపడకు. నీ బిడ్డ ఈ గాలి పీలుస్తూ ఈ నీళ్ళు తాగుతూ పెరుగుతోంది, ఈ ఊరి భాష చక్కగా చదవడం, రాయడం రావాలి. నీలాగా బస్సు నంబరు చూసి ఎక్కే బతుకు దానికి వద్దు. నువ్వు కూడా దాంతోపాటు తమిళ అక్షరాలు నేర్చుకో, ఎల్కేజీ పుస్తకం ఇద్దరికీ పనికొస్తుంది.

తెలుగు స్కూలు నీ ఇంటికి దగ్గరలో ఉంటే వెళ్ళి చూడు, లేదంటే దానికోసం మూడేళ్ళ పిల్లని ఊరు దాటించకు. వ్యాన్ నడిపే అబ్బాయి చెప్పింది తెలుగు స్కూలుకీ వర్తిస్తుంది. దగ్గర్లో ఉన్న స్కూల్లో వెయ్యి, తెలుగు ఇంట్లో చెప్పు. రోజుకి పావుగంట చాలు. అయితే ఆ పావుగంట ఎగ్గొట్టకూడదు.

ఎలా చెప్పాలో కూడా చెప్తాను, ఇది నాకు బాగా తెలిసిన పని. మొదటి రోజే అ ఆ ఇ ఈ మొత్తం పలక మీద రాసి దిద్దమనకు. పాప పేరుతో మొదలుపెట్టు. తర్వాత అమ్మ, తర్వాత తాత. తాత పేరు కూడా అక్కడే నేర్పు, ఫోటో కింద ఉన్నదే చూపించి. ఇక్కడ పెరిగే పిల్లలకి ఒక చిక్కు ఉంది, ముందే తెలిసి ఉంటే మంచిది. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. త, ద కి కూడా అంతే, ప, బ కి కూడా అంతే. స్కూల్లో తమిళం ముందు వచ్చేస్తుంది కాబట్టి మన పిల్లలు 'గాలి' అని రాసి ఉంటే 'కాలి' అని చదువుతారు, 'బడి'ని 'పడి' అని చదువుతారు. నోటికి తేడా తెలుసు, కంటికి తెలియదు. మా క్లాసులో నేను పిల్లల చేతిని వాళ్ళ గొంతు మీద పెట్టించేవాడిని. క అను, ఇప్పుడు గ అను. గ అన్నప్పుడు వేలికి అదురు తగులుతుంది, పిల్లలు నవ్వుతారు. ఒకసారి ఆ అదురు తెలిసిందా, ఇక ఆ రెండు అక్షరాలు జన్మలో కలిపేయరు. రాత తర్వాత, ముందు ఈ ఆట ఆడించు.

అక్షరాలు వచ్చాక తమిళనాడు ప్రభుత్వం అచ్చు వేసే తెలుగు వాచకాలు తెచ్చుకో, మైనారిటీ భాషలకి టెక్స్ట్‌బుక్ కార్పొరేషన్ వేస్తుంది. ఇక్కడి పిల్లల కోసం వేసినవి.

ఇంకొక్కటి. అడ్మిషన్ ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. చాలామంది తొందరలో తమిళం అని రాసేస్తారు, లేదా ఆఫీసులో క్లర్కే రాసేస్తాడు. దానికి లెక్క ఉంది నాయనా, తెలుగు పిల్లలు ఇంతమంది ఉన్నారని స్కూలు చెప్పగలిగితేనే టీచర్ని అడగడానికి ఆధారం ఉంటుంది. ఆ గడిలో తెలుగు అని నీ చేత్తో రాయి.

పెరంబూర్ అక్క:

మాస్టారూ, ఆ గడి సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మా ఇద్దరు పిల్లలకీ ఏం రాశారో రేపే వెళ్ళి చూస్తాను.

తమ్ముడూ, మీ అమ్మగారికి పెన్సిల్ బాక్సు సంగతి చెప్పండి. ఆవిడని కూడా వెంటబెట్టుకుని స్కూలుకి తీసుకెళ్ళండి, ఆవిడే సిస్టర్‌ని అడగనివ్వండి. అడిగే అవకాశం ఇవ్వకుండా ఒప్పుకోమంటే ఎవరికైనా కష్టమే.

సూళ్ళూరుపేట నాన్న:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. అమ్మకి మొత్తం చెప్పాను, రెండు రోజులు ముభావంగా ఉంది, మూడో రోజు పద చూద్దాం అంది. సాయంత్రం స్కూలు వదిలే టైముకి ముగ్గురం వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాం. అమ్మ పిల్లల మొహాలనే చూస్తూ నిలబడింది, ఎంతమందికి బొట్టు ఉందో లెక్కపెడుతోందని నాకు తర్వాత అర్థమైంది. చాలామందికే ఉంది. ఒక బాబు షూ లేసు ఊడి పడబోతే వాచ్‌మన్ కిందికి వంగి కట్టాడు, అది కూడా చూసింది.

లోపలికి వెళ్ళాక సిస్టర్‌ని అమ్మే అడిగింది, తెలుగులోనే. సిస్టర్‌ది కేరళ, తెలుగు కొంచెం అర్థమవుతుంది, మిగతాది మా ఆవిడ తమిళంలో చెప్పింది. బొట్టుకి అడ్డు లేదు, సిలువ గుర్తు వేయమని ఎవరూ అడగరు, అసెంబ్లీలో నిలబడితే చాలు అన్నారు. ఈ మాట రాసిస్తారా అని అమ్మ అడిగింది. నేను గాభరా పడ్డాను గానీ సిస్టర్ ఏమీ అనుకోలేదు, స్కూలు డైరీలో రూల్స్ ఉన్న పేజీ తీసి చూపించారు, మీరు లెటర్ ఇవ్వండి, సంతకం పెట్టి ఫైల్లో పెడతాను అన్నారు. రెడ్ హిల్స్ అమ్మగారు చెప్పినట్టు, ఇక్కడ చదివే ఒక తెలుగు అమ్మాయి తల్లితో కూడా మాట్లాడాం, ఒంటరిగా కూర్చోబెట్టడం లాంటివి లేవన్నారు. ఫారం తెచ్చుకున్నాం. విల్లివాక్కం అన్నా, కమిటీ ఫీజు కూడా చూశాను, కౌంటర్‌లో చెప్పిన దానికి సరిపోయింది.

దారిలో అమ్మ, బొట్టు నేనే పెట్టి పంపిస్తాను, సాయంత్రం వచ్చాక చూస్తాను అంది. సరే అన్నాను.

మాస్టారూ, మాతృభాష గడిలో తెలుగు అని రాశాను. గొంతు మీద చెయ్యి పెట్టించే ఆట కూడా మొదలుపెట్టాం, పాప రోజంతా గ గ గ అంటూ తిరుగుతోంది, మా అక్క కూతురు కూడా వచ్చి కూర్చుంటోంది. దానికి పన్నెండేళ్ళు, ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యం అయిపోయిందా? మీరు ఒప్పుకుంటే ఇద్దర్నీ ఒకసారి మీ దగ్గరికి తీసుకురావాలని ఉంది. పలకలు కొనాలా, నోటు పుస్తకాలా?

తెలుగు మాస్టారు:

పన్నెండేళ్ళు ఆలస్యం కాదు, పెద్ద పిల్లలు ఇంకా తొందరగా పట్టుకుంటారు. శనివారం సాయంత్రం ఐదింటికి రండి, ఇంటి గుర్తులు నీకు విడిగా పంపుతాను. పలకలు కొనొద్దు, స్కూలు నుంచి వచ్చేసేటప్పుడు తెచ్చుకున్నవి నా దగ్గర ఉన్నాయి. మీ నాన్నగారి ఫోటో మాత్రం తీసుకురా.